కీచురాయికి పథ్యం

మూడేళ్ళ కిందట, ఏప్రిల్‌లో ఒక రాత్రి విజయవాడలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పక్కింటివాళ్ళ ఏసీ ఆగింది. గదిలో ఒక కీచురాయి మాత్రం ఆగలేదు. టార్చిలైటు పట్టుకుని బీరువా వెనక వెతికాను. మంచం కింద చూశాను. కిటికీ తీసి సన్‌షేడ్ మీదికి తొంగిచూశాను. మా ఆవిడ లేచి కూర్చుని "ఏమిటి వెతుకుతున్నారు?" అంది. కీచురాయి అన్నాను. కాసేపు చెవి ఒగ్గి విని, "నాకేమీ వినిపించడం లేదే" అంది. అప్పుడు రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని చూశాను. చప్పుడు తగ్గకపోగా ఇంకా స్పష్టమైంది.

ఆ కీచురాయి ఇప్పటికీ నాతోనే ఉంది. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు. ఆయుర్వేదంలో కర్ణనాదం. మా అమ్మమ్మ తరం వాళ్ళకు చెవుల్లో హోరు. నేనేమీ అరుదైన మనిషిని కాను. ప్రపంచంలో పెద్దవాళ్ళలో సుమారు 14 శాతం మందికి ఇది ఏదో ఒక మోతాదులో ఉందని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కకట్టింది. చప్పుడుతో నాకిప్పుడు పెద్దగా తగాదా లేదు. నా తగాదా అంతా దాని చుట్టూ పోగైన పథ్యంతో.

మనకు జబ్బు చేస్తే మొదట పుట్టే ప్రశ్న "ఎందుకు వచ్చింది?" కాదు, "ఏం తినకూడదు?" బాలింతకు పథ్యం, పచ్చకామెర్లకు పథ్యం, విరేచనాలకు పథ్యం, విరిగిన ఎముకకూ పథ్యం. ఏ జబ్బు కేసులోనైనా మొదటి ముద్దాయి వంకాయ. ఏలూరులో ఉన్న మా అక్కయ్యకు ఫోన్లో సంగతి చెప్పగానే తీర్పు వచ్చేసింది. "వాతంరా అది. వంకాయ, బంగాళదుంప, శనగపిండి ఇవాళ్టి నుంచి బంద్." దాన్ని కొట్టిపారేయలేం, దానికో వంశవృక్షం ఉంది. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం చెవి రోగాలను 28గా లెక్కపెట్టి, శబ్దాన్ని మోసే దారుల్లోకి వాయువు చేరడమే కర్ణనాదానికి కారణమని చెప్పింది. అక్కయ్య సుశ్రుతుణ్ణి చదవలేదు. చదవకుండానే ఆ మాట ఆమెదాకా వచ్చిందంటే వంటింటి దారి ఎంత పాతదో చూడండి.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తెచ్చి పెట్టారు. ఆఫీసులో ఒకాయన కాఫీ మానమన్నాడు. కింది ఇంటాయన ఉప్పు మానమన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు గింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రల సీసా పంపాడు. చింతపండు, పెరుగు, చక్కెర, గోధుమ కూడా తలా ఒకరి నోటి మీదుగా జాబితాలో చేరాయి. నాలుగు నెలలు అన్నీ పాటించాను. ఆవకాయ జాడీ ఎదురుగా ఉండగా చప్పిడి పప్పుతో అన్నం తిన్నాను. అది వేసవి అని గుర్తు పెట్టుకోండి, కొత్త ఆవకాయ.

వృత్తిరీత్యా ప్రూఫ్‌రీడర్ని. దేన్నైనా కాగితం మీద పెట్టి సరిచూడకపోతే నిద్రపట్టదు. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు ఆ రోజు తిన్నదంతా, కుడివైపు చప్పుడుకు పదికి ఇన్ని అని మార్కులు రాసుకుంటూ వచ్చాను. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు. నాలుగు నెలల తర్వాత పుస్తకమంతా వెనక్కి తిప్పి చూస్తే తిండికీ మార్కులకూ పొంతనే లేదు. వంకాయ తిన్న రోజు (ఒక పెళ్ళిలో తప్పలేదు, గుత్తివంకాయ) మూడు మార్కులు. ఏమీ తినని ఏకాదశినాడు ఎనిమిది. పొంతన కుదిరినది ఇంకో రెండింటికి. ముందు రోజు నిద్ర చాలకపోతే మార్కులు పెరిగాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న రోజు పెరిగాయి.

మరొకటి కూడా ఆ పుస్తకమే చెప్పింది, నేను చాలా ఆలస్యంగా చదువుకున్నాను. మొదటి నెల సగటు కంటే నాలుగో నెల సగటు ఎక్కువ. పథ్యం ముదిరేకొద్దీ చప్పుడూ ముదిరింది! రోజుకు మూడుసార్లు పనిమాలా కూర్చుని నా చెవుల్లోకి నేను చెవి పెట్టి వింటే మరేమవుతుంది? 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం వినిపించినా చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక చప్పుడు విన్నామన్నారు. గదిలో ఏ చప్పుడూ లేదు. నిశ్శబ్దంలో పనిగట్టుకుని వింటే దాదాపు అందరి చెవిలోనూ ఒక కీచురాయి ఉంటుంది. దానికి నెలల తరబడి హాజరుపట్టీ నడిపిన మూర్ఖుణ్ణి నేను.

కాఫీ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే కష్టమైనది అదే. మానేసిన మొదటి వారం తల పగిలిపోయింది, చిరాకు, మధ్యాహ్నానికల్లా నిస్సత్తువ. తీరా చదివితే, బ్రిస్టల్‌లో 66 మంది టినిటస్ ఉన్నవాళ్ళ మీద 30 రోజులపాటు ఇదే పరీక్ష చేసి 2010లో ప్రచురించారు. కెఫీన్ మానడం వల్ల చప్పుడు తగ్గలేదు. మానినందుకు తలనొప్పి, వికారం లాంటి బాధలు మాత్రం వచ్చాయి. 2014లో అమెరికా నర్సుల అధ్యయనం నుంచి మరో లెక్క వచ్చింది. 65 వేల మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తే, కెఫీన్ ఎక్కువగా తీసుకునేవాళ్ళలోనే టినిటస్ కొత్తగా రావడం కొంత తక్కువగా కనిపించింది. అందుకని కాఫీని మందు అనకూడదు, గమనించడం వేరు, పరీక్షించడం వేరు. కాఫీ వల్ల నిద్ర చెడితే సాయంత్రం కప్పు మానుకోవడంలో అర్థముంది. కానీ పొద్దున పూట డికాక్షన్ను నేరస్థుణ్ణి చేయడానికి ఆధారం లేదు. ఐదో నెల మొదటి రోజున ఫిల్టరు దింపాను.

ఉప్పు కథ ఇంకా విచిత్రం. చెవికీ ఉప్పుకీ సంబంధం నిజంగా ఉంది, కానీ అది ఒకానొక జబ్బుకు సంబంధించినది. ఫ్రెంచి వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ 1861లో వర్ణించిన జబ్బు అది. గదంతా గిర్రున తిరిగినట్టు తూలు, వాంతులు, చెవి దిబ్బడ, హోరు, వచ్చిపోయే చెవుడు, ఇవన్నీ దాడుల్లా వస్తాయి. లోపలి చెవిలో ద్రవం ఎక్కువై ఉబ్బడం కనిపిస్తుంది కనుక ఉప్పు తగ్గిస్తే మేలని అమెరికాలో ఫర్‌స్టెన్‌బర్గ్ 1934లో ఆహార నియమం పెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా అదే సలహా. 2018లో, వైద్య పరీక్షలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఈ సలహాకు సరైన పరీక్షల బలం ఎంత ఉందోనని వెతికితే, వాళ్ళ ప్రమాణాలకు నిలిచిన పరీక్ష ఒక్కటీ దొరకలేదు. ఎనభై ఏళ్ళు నడిచిన సలహా! అయినా మెనియేర్ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించుకోవడంలో నష్టం లేదు. నా అభ్యంతరం, ఆ ఒక్క జబ్బు పథ్యాన్ని తెచ్చి చెవిలో చప్పుడున్న ప్రతివాడి కంచంలోనూ పెట్టడం మీద.

ఉప్పు తగ్గించుకోవడానికి వేరే కారణం ఉంది, రక్తపోటు. రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయ, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ వరసగా వచ్చే మన భోజనంలో ఆ గీత మొదటి వాయిలోనే దాటిపోతుంది. నేనిప్పుడు ఉప్పు తగ్గించే తింటున్నాను. చప్పుడు తగ్గుతుందని కాదు.

ఇంతకీ తిండికీ చెవికీ సంబంధమే లేదనడం నా ఉద్దేశం కాదు. కడుపులోకి వెళ్ళింది చెవిదాకా వెళుతుందనడానికి మన ముందుతరమే సాక్షి. మలేరియా జ్వరానికి క్వినైన్ మింగినవాళ్ళకు చెవులు గింగురుమనేవి. మోతాదు మించితే ఇంకా గట్టిగా. మందు ఆగాక సాధారణంగా చప్పుడూ ఆగేది. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టేనాటికి ఈ చెవుల మోత వైద్యులకు పాత ముచ్చటే. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వేసుకున్నా అంతే. కనుక దారి ఉంది. ఆ దారిలో ఒక్క పూట వంకాయ ఎంత దూరం నడవగలదన్నదే ప్రశ్న.

లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది, బఠాణీ గింజంత. శబ్దాన్ని పట్టి నాడికి అందించే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. అవి చస్తే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. వాటిని నడపడానికి దాదాపు 80 మిల్లీవోల్టుల విద్యుత్తు నిరంతరం తయారవుతూ ఉండాలి, అందుకు రక్తం ఎడతెగకుండా అందాలి. అంత ఆకలిగొన్న అవయవానికి రక్తం తెచ్చేది ఒకే ఒక్క సన్నని ధమని. అది పూడితే ఆదుకోవడానికి పక్కదారి లేదు. అంటే రక్తనాళాలను చెడగొట్టేది ఏదైనా చెవినీ చెడగొడుతుంది. అమెరికాలో 2008లో వచ్చిన జాతీయ సర్వే లెక్కల్లో, వినికిడి లోపం మధుమేహం లేనివాళ్ళలోకంటే ఉన్నవాళ్ళలో దాదాపు రెట్టింపు కనిపించింది. మన దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. కళ్ళు చూపించుకోమంటారు, పాదాలు చూసుకోమంటారు, మూత్రపిండాలు పరీక్ష చేయిస్తారు. చెవుల ఊసు ఎవరూ ఎత్తరు.

ఇక్కడే తిండి నిజంగా పనిచేసేది. అమెరికా నర్సులనే, 70 వేల మందికి పైగా, రెండు దశాబ్దాలు గమనించి 2018లో రాసిన వ్యాసంలో, కూరగాయలు, పప్పులు, పళ్ళు, గింజలు ఎక్కువగా, ఉప్పు, చక్కెర తక్కువగా తినేవాళ్ళకు ఒక మోస్తరు, అంతకు మించిన చెవుడు వచ్చే ప్రమాదం 30 శాతం తక్కువగా తేలింది. ఆ నర్సుల లెక్కలతోనే 2014లో వచ్చిన మరో వ్యాసంలో, వారానికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో చేపలు తిన్నవాళ్ళకు 20 శాతం తక్కువ. చేపల వాసన పడని ఇంట్లో పుట్టినందుకు ఇక్కడ ఒక నిట్టూర్పు. కానీ ఇవి ఇరవై ఏళ్ళ లెక్కలు, వినికిడి పోకుండా కాపాడుకోవడం గురించినవి. ఇప్పటికే కూర్చున్న కీచురాయిని లేపి పంపడం గురించి కావు. పైగా బాగా తినేవాళ్ళు నడకకూ వెళతారు, పొగా తాగరు, ఎవరి పుణ్యం ఎంతో విడదీయడం కష్టం. బ్రిటన్‌లో లక్షా డెబ్భై వేల మంది లెక్కలు తీసి 2014లో చూస్తే, పళ్ళూ కూరగాయలూ ఎక్కువ తినేవాళ్ళలో టినిటస్ ఒక పిసరు ఎక్కువగానే కనిపించింది! దాన్ని పట్టుకుని ఎవరూ ఆకుకూరలు మానలేదు కదా. మరి ఇలాంటి లెక్కలోనే వంకాయకు వ్యతిరేకంగా ఒక ముక్క దొరికి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఒక్క విషయంలో మాత్రం పథ్యం వర్గానికి నేను సగం ఓడిపోయాను. అది బి12. ఇజ్రాయెల్‌లో పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేసిన సైనికులను పరీక్షించి 1993లో రాసిన వ్యాసంలో, చెవుడుతోపాటు టినిటస్ కూడా ఉన్నవాళ్ళలో 47 శాతం మందికి బి12 లోపం ఉంది. చెవుడు మాత్రమే ఉన్నవాళ్ళలో 27 శాతం, ఏదీ లేనివాళ్ళలో 19 శాతం. 2016లో మన దేశంలోనే 40 మంది మీద చిన్న పరీక్ష చేశారు. లోపం ఉన్నవాళ్ళకు ఇంజెక్షన్లు ఇస్తే కొంత మేలు కనిపించింది. లోపం లేనివాళ్ళకు లేదు. చిన్న పరీక్షే, తీర్పుగా తీసుకోలేం. కానీ శాకాహారులకు ఇది అసలే కరువైన విటమిన్. పాలు, పెరుగుల్లో కాస్త ఉంటుంది, కూరల్లో లేదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకున్నా, కడుపులో మంటకు మాత్రలు అలవాటైనా ఇంకా తగ్గుతుంది. నేను పరీక్ష చేయించుకుంటే ఉండవలసినదానికి బాగా కింద ఉంది. ఇంజెక్షన్లు చేయించుకున్నాను. అరికాళ్ళ తిమ్మిర్లు పోయాయి, అవి బి12 వల్లనని అంతవరకూ నాకు తెలియనే లేదు. కీచురాయి వినయంగా విని, తన పని తాను చేసుకుపోయింది. అయినా ఈ ఒక్క పరీక్షా మీకు చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే ఇది ఊహాగానం కాదు, రక్తంలో కొలిచి చూడగలిగింది. కొలవగలిగినదాన్ని కొలిపించుకోకుండా కొలవలేనిదానికి పథ్యం చేశాను.

మాత్రల సీసాల గురించి ఎక్కువ రాయను. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో గింకో, జింకు, మెలటోనిన్, ఇతర పోషక మాత్రలు టినిటస్‌కు సూచించవద్దని డాక్టర్లకు తేల్చి చెప్పింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు గింకోతో రక్తస్రావం భయం కూడా ఉంది. మేనల్లుడి సీసా అలమరలో ఉంది.

నా కోపం అసలు ఎక్కడో చెప్పాలి. తిండి చెవిని తీర్చిదిద్దేది యాభై ఏళ్ళకు కాదు, ఐదేళ్ళ లోపు. నేపాల్ తరాయి ప్రాంతంలో సర్లాహి జిల్లా ఉంది. అక్కడ కొందరు పిల్లలకు విటమిన్ ఎ, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, వాళ్ళు పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్ళి వినికిడి పరీక్షించారు. చిన్నప్పుడు చెవిలో చీము కారిన పిల్లల్లో, విటమిన్ అందినవాళ్ళకు చెవుడు ముప్పు 42 శాతం తగ్గిందని 2012లో ప్రకటించారు. అదే ఊళ్ళలో చిన్నతనాన తిండి చాలక గిడసబారిన పిల్లలకు, యవ్వనంలో వినికిడి లోపం వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని 2018లో మరో వ్యాసం. ఇప్పుడు మన ఇంటివైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు, తొమ్మిదో నెల నుంచి విటమిన్ ఎ చుక్కలు వేస్తారు. కంటిచూపు కోసమని మనకు తెలుసు. చెవి కోసం కూడానని ఎవరైనా చెప్పగా విన్నారా? చెవికి మేలు చేసే ఆహారమని మనం మాట్లాడుకునేదంతా యాభై దాటిన, కడుపు నిండిన నాలాంటివాళ్ళ వంకాయ గురించే.

మరి నా చెవులు ఎక్కడ పోయాయి? ఐదో నెలలో, కాఫీ తాగి మరీ, వినికిడి పరీక్షకు వెళ్ళాను. గీసిన బొమ్మలో గీత చక్కగా వచ్చి 4,000 హెర్ట్జ్ కీచు స్వరం దగ్గర గుంటలో పడింది, రెండు చెవులకూ. చూస్తూనే పరీక్ష చేసినామె అడిగింది, "పెద్ద చప్పుడులో పనిచేశారా?" ఇరవై రెండేళ్ళు రాత్రి డ్యూటీ. కింద అచ్చువేసే రోటరీ యంత్రం, పైన నా బల్ల. ఆఖరి ఫారం దిద్దాక కిందికి దిగి, కాగితం పరిగెత్తుతుంటే పక్కన నిలబడి మొదటి ప్రతి చదవడం నాకు సరదా. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు హద్దు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం తగ్గుతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మన ఫ్యాక్టరీల చట్టం కింద హద్దు అప్పట్లో 90 దగ్గర ఉండేది.

చప్పుడు ఎలా పుడుతుందో ఆమె చెప్పినప్పుడు నా వృత్తి గుర్తొచ్చింది. ప్రూఫులో అక్షరం ఎగిరిపోయినా కన్ను దాన్ని ఊహించి నింపేసుకుని చదివేస్తుంది. జీవితమంతా ఆ గుణంతో పోరాడాను. రోమకణాలు పోయిన చోట చెవి నుంచి కబురు రాకపోతే మెదడు కూడా ఖాళీని ఖాళీగా వదలదు, తన వైపు నుంచి ఏదో నింపుతుంది. అచ్చుతప్పు దిద్దడానికి కంపోజింగు గదికి వెళ్ళాలి గాని వంటింటికి వెళితే ఎలా?

పథ్యం వల్ల నష్టమేముంది, చేస్తే పోలా అంటారు. నష్టం ఉంది. నా పాత సహోద్యోగి ఒకాయనకు ఒక పొద్దున లేచేసరికి ఎడమ చెవి వినిపించడం మానేసింది, హోరు మొదలైంది. జలుబు చేసిందనుకుని మూడు వారాలు అల్లం కషాయం తాగి, పెరుగు మానాడు. అలా హఠాత్తుగా చెవుడు వస్తే మొదటి కొద్ది రోజుల్లోనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి, రెండు వారాలు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. ఆయన వెళ్ళేసరికి దాటింది. ఒక్క చెవిలోనే చప్పుడున్నా, నాడితోపాటు కొట్టుకుంటున్నట్టు వినిపించినా అంతే, పథ్యానికి కూర్చోకూడదు.

నాకిప్పుడు వినికిడి యంత్రాలున్నాయి. అవి పెట్టుకున్నంతసేపూ బయటి చప్పుళ్ళు లోపలికి వచ్చి కీచురాయిని వెనక్కి నెడతాయి. రాత్రి తీసేశాక ఫ్యాను ఆ పని చేస్తుంది. నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు చాకలిపద్దుకు వాడుతున్నాం.

సంక్రాంతికి అక్కయ్య వచ్చింది. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి, టీవీ వాల్యూము వీధి చివరికి వినిపిస్తోంది. ప్రతి మాటకూ "ఆఁ?" పండగ వెళ్ళాక బతిమాలి అదే పరీక్షకు తీసుకెళ్ళాను. రెండు చెవులకూ యంత్రాలు కావాలని తేలింది. అమర్చి, వాల్యూము సరిచేసి, జాగ్రత్తలన్నీ చెప్పాక, అక్కయ్య కుర్చీ ముందుకు జరుపుకుని అడిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. పథ్యం ఏమిటో చెప్పలేదు."

"ఏమీ లేదండీ. చక్కెర అదుపులో ఉంచుకోండి. వీటిని మాత్రం తడవనివ్వకండి."

ఆటోలో దారిపొడుగునా అక్కయ్య మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర నా వైపు తిరిగి, హారన్ల మోతకు మొహం చిట్లించుకుంటూ, "పథ్యం లేని మందు పనిచేస్తుందంటావా?" అంది, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా.